కరెంటు పనిముట్లు, ఎక్స్‌టెన్షన్ వైర్లు – మన జాగ్రత్తలు



మన అనంతగిరి కొండల్లో ఇల్లు కట్టుకునే చోట డ్రిల్లింగ్ మిషన్, రాయి కోసే కటింగ్ మిషన్, వడ్రంగి రంధా మిషన్ కనిపిస్తున్నాయి. ప్లగ్గు ఇంట్లో ఉంటుంది, పని పెరట్లో జరుగుతుంది. అందుచేత ఎక్స్‌టెన్షన్ వైరు లాగుతాము. క్రిస్మస్ నక్షత్రానికీ అదే వైరు. మన దేశంలో ప్రతి సంవత్సరం 10,000 మందికి పైగా కరెంటు షాక్ వలన చనిపోతున్నారు. వీటిలో చాలా మరణాలను ముందు జాగ్రత్తతో ఆపవచ్చు.

చెయ్యి ఎందుకు విడిపోదు?

"కరెంటు పట్టేసుకుంది" అని మనం అంటుంటాము. నిజానికి కరెంటు ఎవరినీ పట్టుకోదు. అది చేతి కండరాలను బిగించివేస్తుంది. మిషన్‌ను పిడికిలితో పట్టుకుంటాము కాబట్టి ఆ పిడికిలి ఇంకా బిగుస్తుందే గాని తెరుచుకోదు. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ దీనిని పరీక్షించి చూశారు. సగటున పురుషులు 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీలు 10.5 మిల్లీ ఆంపియర్లు దాటితే చెయ్యి విడిపించుకోలేకపోయారు. 100 వాట్ల బల్బు సుమారు 430 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. అందులో ఇరవయ్యో వంతు కూడా లేని కరెంటుకే మనిషి చిక్కుకుపోతాడు. కాబట్టి జాగ్రత్త అంతా మిషన్ చేతిలోకి తీసుకోకముందే పడాలి.

పొడి చర్మం కరెంటును కొంతవరకు అడ్డుకుంటుంది. చెమట, వాన, మంచు తడిసిన చర్మం అంతగా అడ్డుకోదు. తడి నేలమీద చెప్పులు లేకుండా నిలబడితే చేతినుండి పాదాలకు పోయే కరెంటు గుండె మీదుగా పోతుంది.

పనికి ముందు

1. వైరును ఈ చివరనుండి ఆ చివరవరకు చూడండి. తెగినది, కాలినది, టేపు చుట్టినది వాడవద్దు. ప్లగ్గు లేకుండా వైరు కొసలను అగ్గిపుల్లలతో గుచ్చవద్దు.

2. త్రీపిన్ ప్లగ్గులో లావుగా, పొడవుగా ఉండే పిన్ను ఎర్తింగ్ కోసం. దానిని విరగగొట్టవద్దు. ఎక్స్‌టెన్షన్ వైరులోనూ మూడు తీగలు ఉండాలి. ఇంటి ఎర్తింగ్ పనిచేస్తున్నదో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

3. చుట్టగా ఉన్న వైరును పూర్తిగా విప్పి వాడండి. చుట్టలో వేడి బయటకు పోక పైతొడుగు కరిగిపోతుంది. ఒక బాక్సుకు ఇంకొక బాక్సు తగిలించవద్దు. 1,200 వాట్ల కటింగ్ మిషన్ ఒక్కటే 5 ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. అదే 6 ఆంపియర్ల బాక్సుకు హీటరు కూడా పెడితే వైరు కాలుతుంది.

4. వానలో, తడి నేలమీద పని ఆపండి. కాఫీ పండ్లు కడిగే చోటికి వైరు లాగవద్దు. బాక్సును చూరు కింద ఎత్తుమీద పెట్టండి. కాళ్లకు బూట్లు ఉండాలి.

5. వైరును మీ వెనుకగా ఉంచి పని చేయండి. బ్లేడు మార్చేటప్పుడు స్విచ్ కట్టడమే చాలదు, ప్లగ్గు పీకివేయాలి.

6. ఫ్యూజు ఇంటి వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషిని కాపాడే పరికరాన్ని డాల్జీల్ 1961లో తయారుచేశారు. ఆ పని చేసేదే మన దగ్గర ఆర్.సి.సి.బి. పేరుతో దొరుకుతుంది. 30 మిల్లీ ఆంపియర్లది మెయిన్ బోర్డులో పెట్టించి, నెలకొకసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

షాక్ తగిలితే

పట్టుకొని లాగవద్దు. కాపాడబోయి తమ్ముడు, తల్లి కూడా చిక్కుకుంటారు. ముందు మెయిన్ ఆపండి. అది అందకపోతే పొడి చెక్కమీద నిలబడి, పొడి కర్రతో వైరును తోసివేయండి. స్తంభాల మీది తీగ తెగి పడితే కర్రతో కూడా దగ్గరకు పోవద్దు, 1912కు ఫోన్ చేయండి.

మనిషి పలకక, ఊపిరి సరిగా తీయకపోతే 108కి ఫోన్ చేయించి, వెంటనే రొమ్ము మధ్య రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి నొక్కండి. నిమిషానికి 100 నుండి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు. సహాయం వచ్చేవరకు ఆపవద్దు. మట్టిలో పాతిపెట్టడం, పేడ పూయడం, నోట్లో నీళ్లు పోయడం చేయవద్దు. ఆ కాసేపట్లోనే ప్రాణం పోతుంది.

లేచి కూర్చున్నా, మాట్లాడినా, ఆసుపత్రికి తీసుకురండి. పైన చిన్న మచ్చే కనిపించినా లోపల కండరం కాలి ఉండవచ్చు. మూత్రం ఎర్రగా, టీ రంగులో వస్తే మూత్రపిండాలకు ప్రమాదం. గుండె లయ తప్పిందో లేదో ఇ.సి.జి. తీసి చూస్తాము. గర్భిణీ స్త్రీలు తప్పక రావాలి.

ఈ పేజీని ఇంటి మేస్త్రికి, కూలికి వెళ్లే పిల్లలకు చదివి వినిపించండి. పనికి వెళ్లిన ప్రతివారు సాయంకాలం క్షేమంగా ఇల్లు చేరాలని మా ప్రార్థన.