ఉమ్మడి కంప్యూటరునకు కావలి

ఒక కళాశాలలో ఒకే కంప్యూటరును నలువదిమంది విద్యార్థులు వాడుకొనుచున్నారనుకొందము. వారిలో నొకడు ఎచ్చటనుండియో ఒక ఆటను తెచ్చి దానిలో స్థాపింపదలచెను. ఆ ఆట చాటున దొంగ ప్రోగ్రామొకటి లోనికి వచ్చినచో తక్కిన ముప్పదితొమ్మిదిమంది వ్రాతలకు రక్షణ యేమి? ఈ ప్రశ్నకు లినక్సు అను వ్యవస్థ చెప్పు సమాధానము తెలిసికొనదగినది.

లినక్సును 1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశపు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించెను. అది 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్సు మార్గమును అనుసరించినది. పెక్కుమంది ఒకే యంత్రమును పంచుకొనుచుండగా యూనిక్సు పెరిగినది. కనుక ఎవరి హద్దు వారికుండవలెనను నియమము దానిలో నాటుకొనినది.

లినక్సులో ప్రతి ఫైలునకు ఒక యజమాని యుండును. దానిని చదువుటకు, మార్చుటకు, నడపుటకు వేరువేరు అనుమతులు కలవు. అందరును వాడు ప్రోగ్రాములుండు చోటునకు 'రూట్' అను సర్వాధికారి యజమాని. సామాన్యుడు అచటి ప్రోగ్రాములను నడపవచ్చును గాని మార్చలేడు, క్రొత్తవి చేర్చలేడు. తన సొంత గదివంటి 'హోమ్' స్థలములో మాత్రము తాను తెచ్చుకొన్నదానిని ఉంచుకొని నడపుకొనవచ్చును. అది చెడ్డదైనచో సాధారణముగా అతని ఫైళ్లకే హాని కలుగును.

మరి అందరికిని క్రొత్త ప్రోగ్రామొకటి కావలసినచో నేమి చేయవలెను? 'సుడో' అను సాధనముచే నిర్వాహకుడు తన అధికారములో కొంతభాగము మరియొకని కీయగలడు. ఎవరు ఏ ఆజ్ఞ నిచ్చినదియు చిట్టాలో నమోదగును. కాని యిచ్చట మెలకువ అవసరము. ప్యాకేజిని స్థాపించునపుడు దానితో వచ్చు ఆదేశములు రూట్ అధికారముతోనే నడచును. కాబట్టి ఏ ప్యాకేజినైనను స్థాపించు హక్కు నొకని కిచ్చుట, ఇంటి తాళపుచెవుల గుత్తి యంతయు నిచ్చుటయే.

హోమ్ స్థలములోని ప్రోగ్రాములు నడువకుండ 'నోఎగ్జెక్' అను కట్టడిని పెట్టుట కలదు. అయినను పైథాన్ భాషలో వ్రాసినదానిని, యంత్రములో ముందే యున్న పైథాన్ చదివి నడిపించును. ఆ కట్టడి దాని నాపజాలదు. అంతేకాదు, అన్ని ద్వారములను మూసివేసినచో విద్యార్థి నేర్చుకొనుట యెట్లు?

ఊరిబావిలో నీరు ఎవరైనను తోడుకొనవచ్చును. దానిలో చెత్త వేయుటకు మాత్రము ఎవరికిని హక్కు లేదు. ఎవరి కడవలో వారేమి పోసికొన్నను బావికి చేటు లేదు. ఉమ్మడి కంప్యూటరునకును ఇదియే ధర్మము. తాళము కొంతవరకే కాపాడును. మిగిలినది వాడువారి వివేకముపై ఆధారపడియున్నది.