నలభై దాటాక ఈత: భయాన్ని దాటే ఉపాయం



నా వయస్సు 42 సంవత్సరాలు. హైటెక్ సిటీలో కంప్యూటర్ ఉద్యోగం. రోజుకు పది గంటలు కుర్చీలోనే గడిచేవి. మెడనొప్పి, మందాగ్ని, నిద్రలేమి నన్ను ఆశ్రయించాయి. నడక, సైకిలు, పరుగులతో కొంత కోలుకున్న తరువాత మిత్రులు ట్రయథ్లాన్‌కు రమ్మన్నారు. ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటిగా చేసే ఈ పోటీ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ప్రవేశించింది. కొత్తవారు సాధారణంగా ఎంచుకొనే చిన్న పోటీలో 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు ఉంటాయి.

నాకు ఈత రాదు. పదేళ్ళ వయస్సులో మా ఊరి మోటబావిలో పడిపోతే, చిన్నాన్న జుట్టు పట్టి పైకి లాగాడు. ఆనాటి నుండి నీరంటే వణుకు. ఆ భయంతోనే ఎనిమిదేళ్ళ నా కూతురిని కూడా కొలను దగ్గరకు పోనివ్వలేదు. నా జబ్బును బిడ్డకు వారసత్వంగా ఇస్తున్నానని గ్రహించిన రోజే, 2002 జాతీయ క్రీడల కొరకు నిర్మించిన గచ్చిబౌలి కొలనుకు వెళ్ళాను.

నడివయస్సులో ఈత వస్తుందా అని సందేహించేవారికి హైదరాబాదు మహిళ గోలి శ్యామల గారే సమాధానం. నీటి భయం పోగొట్టుకొనుటకై నలభై దాటాక ఈత నేర్చిన ఆమె, 2021 మార్చిలో శ్రీలంక నుండి ధనుష్కోడి వరకు సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని ఈదారు.

శ్వాసే మూలం

కొత్తవారు మునిగేది బలం లేక కాదు, ఊపిరి బిగబట్టడం వలన. బిగబట్టినపుడు రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగి, ఉక్కిరిబిక్కిరి అనిపిస్తుంది. భయంతో తల పైకెత్తగానే కాళ్ళు క్రిందికి దిగిపోతాయి. కావున మొదటి వారమంతా గట్టు పట్టుకొని, ముఖం నీటిలో ఉంచి, ముక్కుతో బుడగలుగా గాలి వదలడమే సాధన చేశాను. తరువాత తేలడం, ఆ పిమ్మట కాళ్ళాడించడం, చివరకు చేతులు. పల్లెల్లో పిల్లలు నడుముకు బెండ్లు కట్టుకొని నేర్చేదీ ముందు తేలడమే కదా!

అర్ధశక్తి నియమం

వ్యాయామం సగం శక్తి మేరకే చేయాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. నోటితో రొప్పవలసి రావడమే ఆ సగానికి గుర్తని సుశ్రుతుని మాట. నీటిలో చెమట తెలియదు. ఈదేటపుడు నోటితోనే గాలి పీలుస్తాము. అందుచేత గట్టు చేరినపుడు ఒక వాక్యం తడబడకుండా పలకగలమేమో చూసుకోవలెను. పలకలేకపోతే ఆగవలెను.

పాటించవలసినవి

1. భోజనం చేసిన వెంటనే, అజీర్ణం, విరేచనాలు, పడిశం, కంటి లేక చెవి వ్యాధులు ఉన్నపుడు స్నానం కూడదని అష్టాంగహృదయం చెబుతున్నది. ఈతకూ ఇదే వర్తింపజేసుకోవలెను.

2. ఈత లేని రోజు గోరువెచ్చని నువ్వులనూనెతో భుజాలు, మెడ, పాదాలు మర్దన చేసి, సున్నిపిండితో స్నానం చేయవలెను. నూనె ఒంటితో కొలనులో దిగరాదు.

3. ఈత తరువాత తల వంచి చెవిలోని నీటిని కారనిచ్చి, బయట మాత్రమే తుడవవలెను. పుల్లలు పెట్టరాదు. నొప్పి, చీము ఉంటే నూనె పోయక వైద్యునికి చూపవలెను.

4. బయటకు రాగానే మంచినీటితో స్నానం చేసి, చలిగా ఉంటే శొంఠి కషాయం గోరువెచ్చగా త్రాగవచ్చును.

5. గుండెజబ్బు, రక్తపోటు, మూర్ఛ ఉన్నవారు వైద్యుని సలహా లేనిదే ఆరంభించరాదు. ఒంటరిగా ఎవరూ దిగరాదు.

నాలుగు నెలలకు 50 మీటర్ల కొలనులో 15 నిడివులు, అనగా 750 మీటర్లు, ఆగకుండా ఈదగలిగాను. పోటీ ఇంకా ముందున్నది. అయితే ఈ ఆదివారం నా కూతురు నా ప్రక్కనే నీటిలో బుడగలు వదిలింది. నాకు అది చాలు.