ఎల్ నినో ఏట నాగావళికి వరద రాదా?

“ఈ యేడు ఎల్ నినో అని పత్రికలు వ్రాసినవి. వానలు తక్కువ గనుక ఏటియొడ్డుననే పశువుల సాల వేసికొందును” అని మా విద్యార్థి తండ్రిగారు ఒకరు నాతో ననిరి. వారు చదివినది అబద్ధము కాదు. కాని దానినుండి వారు తీసిన నిర్ణయము ప్రమాదకరమైనది. రాత్రులు ఆ సాలలో పశువులకు కాపుగా పండుకొనువాడు మా తరగతి బాలుడే.

ముందుగా ఎల్ నినో యననేమో చూతము. ఒక పళ్ళెములో నీరు పోసి ఒక వైపునుండి ఊదినచో నీరు ఆవలి యంచునకు చేరును. పసిఫిక్ మహాసముద్రమున భూమధ్యరేఖ వెంట వ్యాపార పవనములు తూర్పునుండి పడమరకు వీచుచు, ఎండకు కాగిన పైనీటిని ఇట్లే ఇండోనేషియా వైపునకు నెట్టుచుండును. రెండు మొదలు ఏడేండ్ల కొకసారి ఆ గాలులు సన్నగిల్లగా వెచ్చని నీరు తూర్పునకు మరలును. క్రిస్మస్ దినములలో కనబడు ఈ వెచ్చదనమునకు పెరూ దేశపు బెస్తలు ఎల్ నినో, అనగా బాలయేసు, అని పేరిడిరి. గాలులు మిక్కిలి బలపడినపుడు కలుగు విపరీతస్థితి లా నినా. నీరు వెచ్చగా నున్నచోటనే గాలి పైకి లేచి మేఘము కట్టును. ఆ వెచ్చదనము దూరమైనపుడు మనవైపు వర్షము తగ్గుట సాధారణము.

ఈ సంబంధమును వెదకినవారిలో గిల్బర్ట్ వాకర్ ముఖ్యుడు. 1899 నాటి అనావృష్టి దేశమును కఱవుపాలు చేసిన పిమ్మట, 1904లో భారత వాతావరణ శాఖకు అధిపతియైన గణితశాస్త్రజ్ఞుడతడు. ప్రపంచపు నలుమూలల వాయుపీడనపు లెక్కలను పోల్చి, పసిఫిక్‌పై పీడనము హెచ్చినపుడు హిందూ మహాసముద్రముపై తగ్గుననియు, ఇచట హెచ్చినపుడు అచట తగ్గుననియు కనుగొని, దానికి దక్షిణ డోలనమని పేరు పెట్టెను.

అయినను సముద్రము మన సూత్రములకు లొంగి యుండదు. 1997లో ఎల్ నినో మిక్కిలి బలముగా నుండెను. దేశమున వర్షము మాత్రము సగటుకు తగ్గలేదు. ఆ యేడు హిందూ మహాసముద్రము పడమట వెచ్చనై, తూర్పున చల్లనై, ఎల్ నినో ప్రభావమును కొంత అడ్డుకొనెను. ఈ జంటస్థితిని సాజీ, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా అను శాస్త్రజ్ఞులు 1999లో వెల్లడించిరి.

ఇదంతయు నాలుగు నెలల మొత్తమునకు, దేశమంతటి సగటునకు చెందిన మాట. మన యేటికి సగటుతో పని లేదు. 2017లో దేశమున ఋతుపవన వర్షము సగటున నూటికి 95 పాళ్ళే. ఐనను ఆ జూలై 16న కల్యాణసింగుపురము ప్రాంతమున కుంభవృష్టి కురిసి, నాగావళియు దాని ఉపనది కల్యాణియు పొంగెను. ఊళ్ళకు దారులు తెగెను. తేరువలి, సింగపూర్ రోడ్ స్టేషనుల నడుమ రైలువంతెన కొట్టుకొనిపోయెను. 2018లో వర్షము 91 పాళ్ళకు దిగినది. ఋతుపవనకాలము ముగిసిన పిమ్మట, అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటగా వంశధార వెల్లువయై గట్టులు దాటెను. 1980 సెప్టెంబరులో గుణుపురమును ముంచినదియు ఈ వంశధారయే. ఆ రాత్రిని తలచుకొను పెద్దలు నేటికిని కలరు.

కారణము మన నేలయందే యున్నది. బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము పడమరకు సాగినపుడు, తేమగాలి తూర్పు కనుమలకు తగిలి పైకెక్కి, చల్లబడి, ఒకటి రెండు దినములలోనే కుమ్మరించును. అట్టి వాయుగుండము ఎల్ నినో ఏటను పుట్టవచ్చును. పైగా భూమి వేడెక్కుచున్న దినములివి; ఒక్క డిగ్రీ పెరిగిన గాలి నూటికి ఏడు పాళ్ళు అధికముగా ఆవిరిని మోయగలదు. ఇక గోదావరికి 1465 కిలోమీటర్ల నడక కలదు. ఎగువ వరద దిగువకు చేరుటకు దినములు పట్టును. నాగావళియు వంశధారయు కలహండి కొండలలో పుట్టి సుమారు 250 కిలోమీటర్లలోనే సముద్రమున పడును. గెడ్డలన్నియు వాలున దూకి గంటలలో ఏటిని నింపును. రాయగడలో ఎండ కాయుచుండగనే ఎగువవాన నీరు ఎఱ్ఱనై రావచ్చును.

కాబట్టి ఎల్ నినో వార్తను విని రైతు ఏ పైరు వేయవలెనో యోచించుకొనవచ్చును. ఏటియొడ్డున పండుకొనవచ్చునా యనుటకు మాత్రము ఆనాటి వాయుగుండపు హెచ్చరికను వినవలెను; ఎగువ ఊళ్ళలో వాన యెట్లున్నదో టెలిఫోనులో అడిగి తెలిసికొనవలెను. ఈ మాటలే ఆ తండ్రిగారితో చెప్పితిని. వారు కొంత తడవు ఊరకుండి, మిట్టమీద సాలకు తగిన చోటు తమ అన్నగారి పొలములో కలదనిరి.