శాసన మండలికి ఓటు వేసినదెవరు?

మా కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో పాటలు కోరునవి కొన్ని, ప్రసంగకర్తలను మందలించునవి కొన్ని. ఇటీవల గుంటూరు జిల్లా నుండి ఒక రైతు వ్రాసిన కార్డు ఈ రెండు తరగతులలో దేనికిని చెందలేదు. “ఇరువదియొకటవ ఏట నుండి తప్పక ఓటు వేయుచున్నాను. శాసనసభలో మా ప్రతినిధి ఎవరో నాకు తెలియును. శాసన మండలిలో కూర్చున్నవారికి మాత్రము ఎన్నడును ఓటు వేసిన జ్ఞాపకము లేదు. వారిని పంపినదెవరు?” అని ఆయన ప్రశ్న. చివర, తన కుమారుడు బి.ఏ. చదివినాడనియు, వానికిని ఈ సంగతి తెలియదనియు ఒక వాక్యము చేర్చినారు.

ప్రశ్న న్యాయమైనది. శాసనము చేయువారిని తానే ఎన్నుకొనుచున్నానని ఓటరు నమ్మకము. ఆ శాసనమును ఆపి విచారించు రెండవ సభలో తన పాలు ఎంతయో తెలిసికొను హక్కు ఆయనకు కలదు.

శాసనసభ సంగతి అందరెరిగినదే. ఆంధ్రప్రదేశ్‌లో 175, తెలంగాణలో 119 నియోజకవర్గములు. ఒక్కొక్క దాని నుండి ఒక్కరు. పోటీ చేయువారికి 25 ఏండ్లు నిండవలెను. ఓటు వేయుటకు పూర్వము 21 ఏండ్లు కావలసియుండగా, 1989 నుండి 18 ఏండ్లు చాలును. పోలైన ఓట్లలో ఎవరికెక్కువ వచ్చిన వారు గెలిచినట్లు. సగము రావలెనను నియమము లేదు. సభ కాలపరిమితి ఐదేండ్లు.

శాసన మండలి నిర్మాణము వేరు. రాజ్యాంగము 171వ అధికరణము ప్రకారము మండలి సభ్యుల సంఖ్య శాసనసభ సంఖ్యలో మూడవ వంతుకు మించరాదు, 40కి తగ్గరాదు. 175లో మూడవ వంతు 58. ఆంధ్రప్రదేశ్ మండలి సంఖ్య అదియే. తెలంగాణ సంగతి చిత్రమైనది. 119లో మూడవ వంతు 40కి కొంచెము తక్కువ. కనుక ఆ మండలి రాజ్యాంగము చెప్పిన కనిష్ఠ సంఖ్య యొద్దనే, అనగా 40 యొద్దనే నిలిచియున్నది.

ఆ 58 మందిని ఒకే చేయి ఎన్నుకొనదు. 20 మందిని శాసనసభ్యులును, 20 మందిని స్థానిక సంస్థల సభ్యులును ఎన్నుకొందురు. ఐదుగురిని పట్టభద్రులు, ఐదుగురిని ఉపాధ్యాయులు పంపుదురు. తక్కిన ఎనిమిదిమందిని సాహిత్యము, విజ్ఞానశాస్త్రము, కళలు, సహకారోద్యమము, సంఘసేవలలో అనుభవము గలవారి నుండి గవర్నరు నియమించును. 1958లో ఏర్పడిన మండలికి విశ్వనాథ సత్యనారాయణ, 1964లో జాషువా, 2020లో తెలంగాణ మండలికి గోరటి వెంకన్న ఈ మార్గముననే వచ్చినారు. ఈ స్థానములన్నియు ఎల్లప్పుడును కవులకే దక్కినవని శ్రోతలు భ్రమపడనక్కరలేదు.

ఇప్పుడు రైతుగారి ఓటు వెంట నడచి చూతము. ఆయన శాసనసభ్యునికి వేసిన ఓటు అక్కడితో ఆగలేదు. ఆ సభ్యుడు మండలి ఎన్నికలో మరల ఓటరు. మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు ప్రాదేశిక సభ్యులకు ఆయన వేసిన ఓట్లు కూడ అట్టివే. పురపాలక సభ్యులతో పాటు వారును స్థానిక సంస్థల నియోజకవర్గములో ఓటర్లు. గ్రామ సర్పంచికి మాత్రము మన రాష్ట్రములో ఈ ఓటు లేదు. కాబట్టి 58 స్థానములలో 40 స్థానములకు ఆయన మాట ఒకరి చేతి మీదుగా చేరుచునే యున్నది. ఊరిలో ఎవరును పెద్దగా పట్టించుకొనని ప్రాదేశిక సభ్యుని ఎన్నిక వెనుక ఇంత యున్నది.

దీనిలోనే ఒక చిక్కు కలదు. స్థానిక సంస్థల ఎన్నికలు సకాలమున జరుగనిచో ఆ నియోజకవర్గములో ఓటర్లే యుండరు. అప్పుడు మండలిలో ఆ స్థానములు ఖాళీగా పడియుండును. మన రాష్ట్రములో అట్లే జరిగి, 2021లో స్థానిక ఎన్నికలు ముగిసిన పిమ్మట గాని ఆ ఖాళీలు నిండలేదు. పరిషత్తు ఎన్నిక వాయిదా పడినదన్న వార్త చదివినపుడు రైతు పోగొట్టుకొనునది ఒక్క ఓటు కాదు, రెండు.

శాసనసభ్యులు ఓటు వేయు పద్ధతి కూడ మనము బూతులో వేయు పద్ధతి వంటిది కాదు. అభ్యర్థుల పేర్ల కెదురుగా 1, 2, 3 అని తమ ప్రాధాన్య క్రమమును వ్రాయుదురు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో ఈ విధముగ 7 స్థానములకు ఎన్నిక జరిగినది. 175 మంది సభ్యులను, స్థానముల సంఖ్యకు ఒకటి చేర్చి, 8తో భాగించినచో 21కి పైచిలుకు వచ్చును. కనుక 22 మంది ప్రథమ ప్రాధాన్యము లభించిన అభ్యర్థి నెగ్గును. అధికార పక్షమునకు ఎంత బలమున్నను, 22 మంది గల ప్రతిపక్షము తన మనిషిని పంపగలదు. ఏకస్థాన పోటీలో ఈ అవకాశము లేదు.

పట్టభద్రుల నియోజకవర్గములో స్థానము ఒక్కటే కనుక లెక్క ఇంకొక తీరున సాగును. చెల్లిన ఓట్లు 1000 అనుకొందము. సగమునకు ఒకటి ఎక్కువ, అనగా 501 రావలెను. నలుగురు అభ్యర్థులకు మొదటి ప్రాధాన్య ఓట్లు వరుసగా 420, 310, 180, 90 వచ్చినవి. ఎవరును 501 చేరలేదు. అందరికంటె వెనుకబడిన నాలుగవవానిని తొలగించి, ఆ 90 పత్రములపై రెండవ ప్రాధాన్యమెవరికో చూతురు. 30 మొదటివానికి, 40 రెండవవానికి పోయినవి. 20 పత్రములపై రెండవ అంకెయే లేదు. ఇప్పుడు 450, 350, 180. తరువాత మూడవవానిని తొలగింపగా, ఆయన 180 పత్రములలో 20 మొదటివానికి, 155 రెండవవానికి చేరి, 5 నిలిచిపోయినవి. మొదటివానికి 470, రెండవవానికి 505. తొలి లెక్కలో ముందున్నవాడు ఓడిపోయినాడు! ఇది అన్యాయమని కొందరు వాదింతురు. ఎక్కువమందికి అంగీకారమైనవాడే గెలిచినాడని నా అభిప్రాయము. ఒక్క అంకె మాత్రమే వేసి వచ్చిన ఓటరు తన చేతిలోని రెండవ అవకాశమును తానే విడిచిపెట్టినట్లు.

మండలి శాశ్వత సభ; మొత్తముగ రద్దు కాదు. సభ్యుని పదవి ఆరేండ్లు. రెండేండ్లకొకసారి మూడవ వంతు మంది విరమింతురు. అభ్యర్థికి 30 ఏండ్లుండవలెను.

అయితే ఈ శాశ్వత సభ మన రాష్ట్రములో ఒకసారి మాయమై మరల పుట్టినది. 169వ అధికరణము ప్రకారము శాసనసభ ప్రత్యేకమైన మెజారిటీతో తీర్మానము చేసినచో, పార్లమెంటు మామూలు చట్టముతోనే మండలిని సృష్టింపవచ్చును, తొలగింపవచ్చును. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రమునకు మండలి లేదు. హైదరాబాదు రాష్ట్రమునకును లేదు. రెండును కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప, 1956 డిసెంబరులో తీర్మానమై, 1958 జూలైలో 90 మందితో మండలి ఏర్పడినది. 8వ తేదీన దానిని డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించినారు. మాడపాటి హనుమంతరావు తొలి అధ్యక్షులు.

1983లో తెలుగుదేశము పార్టీ అధికారమునకు వచ్చినపుడు మండలిలో ఆ పక్షమునకు బలము లేదు. ఆ ఏటనే తీర్మానము జరిగి, 1985లో మండలి రద్దయినది. 1990లో పునరుద్ధరణకు చేసిన ప్రయత్నము, 1991లో లోక్‌సభ రద్దగుటతో ఫలింపలేదు. 2004 నాటి తీర్మానముతో 2007లో మండలి మరల వెలసినది.

మండలి ఏమి చేయగలదన్నదానికి 2020 నాటి ఉదంతము చాలును. రాజధాని సంబంధమైన రెండు బిల్లులను శాసనసభ జనవరిలో ఆమోదించి పంపగా, మండలి అధ్యక్షుడు సెలెక్టు కమిటీకి పంపదలచెను. ఐదు దినములలో, 27వ తేదీన, శాసనసభ మండలి రద్దును కోరుచు తీర్మానము చేసినది. బిల్లుల విషయములో గడువులు రాజ్యాంగములోనే యున్నవి: మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మరల ఆమోదించి పంపినచో ఒక నెల. పార్లమెంటులో వలె ఉభయసభల సంయుక్త సమావేశము ఇక్కడ లేదు. జూన్‌లో శాసనసభ మరల ఆమోదించెను, నెల గడచెను, జూలై 31న గవర్నరు సమ్మతి లభించెను. అనగా మండలి ఆపలేకపోయినది, ఆరు నెలలు ఆలస్యము చేయగలిగినది. ద్రవ్య బిల్లునైతే 14 దినములకు మించి ఉంచుకొనజాలదు. ఆ రాజధాని చట్టములను 2021 నవంబరులో ప్రభుత్వమే ఉపసంహరించుకొనినది. మండలి రద్దు తీర్మానమును కూడ ఆ నెలలోనే వెనుకకు తీసికొనిరి. ఆరు నెలల జాప్యము మేలా, కీడా అన్న ప్రశ్నకు ఆనాడు ఎవరు ఏ పక్షమున నుండిరో దానిని బట్టియే జవాబులు వచ్చినవి.

రైతుగారి కుమారుని సంగతి మిగిలినది. శాసనసభ ఓటర్ల జాబితాలో పేరున్నంత మాత్రమున పట్టభద్రుల ఓటు రాదు. ఆ జాబితా వేరు. ప్రతి ఎన్నికకు క్రొత్తగా తయారగును. కావున గత ఎన్నికలో ఓటు వేసినవారు కూడ మరల దరఖాస్తు చేసికొనవలెను. జాబితా తయారగు సంవత్సరమున నవంబరు 1వ తేదీ నాటికి పట్టము పొంది మూడేండ్లు నిండియుండవలెను, ఆ నియోజకవర్గములో నివాసముండవలెను. పట్టభద్రులకు 18వ నంబరు ఫారము, ఉపాధ్యాయులకు 19వ నంబరు. ఉన్నత పాఠశాలకు తక్కువ కాని విద్యాసంస్థలలో, గడచిన ఆరేండ్లలో మూడేండ్లు పనిచేసినవారే ఉపాధ్యాయ ఓటర్లు. ఓటు వేయునపుడు అక్కడి అధికారి ఇచ్చిన ఊదారంగు కలముతోనే అంకె వేయవలెను. టిక్కు పెట్టినను, సంతకము చేసినను ఆ పత్రము చెల్లదు, బి.ఏ. చదివినవారి పత్రములు కూడ ఈ కారణమున చెల్లకపోవుచున్నవి.