చాపల తొట్టిల చెయ్యి వెడుతున్నరా? జర పైలం!

ఇంట్ల గాజు తొట్టి, అండ్ల రంగురంగుల చాపలు. సూడనీకి మంచిగనే ఉంటది. కానీ నీళ్లు మార్చేటప్పుడు చేతికి చిన్న గీత ఉన్నా సాలు, ‘మైకోబాక్టీరియం మెరైనమ్’ అనే క్రిమి లోపటికి పోవచ్చు. ఇది టీబీ క్రిమికి సుట్టం. 1926ల అమెరికాల ఫిలడెల్ఫియా అక్వేరియం చాపలల్ల దీన్ని గుర్తువట్టిన్రు.

తాకినంక కొన్ని వారాలకు, ఒక్కోసారి నెలలకు, వేలు మీద ఎర్రటి గడ్డ లేస్తది. నొప్పి అంతగ ఉండకపోవచ్చు, గందుకే పట్టించుకోం. ఈ క్రిమి 30 డిగ్రీల దగ్గర బాగ పెరుగుతది. ఒంట్ల వేడి అంతకన్న ఎక్కువ కాబట్టి సల్లగుండే చేతుల మీదనే ఎక్కువ కనవడ్తది. కొందరికి మోచేయి దిక్కు గడ్డలు వరుసగ పాకుతయ్. మనిషి నుంచి మనిషికైతే అంటదు.

అసలు తిప్పలేందంటే, మామూలు గడ్డే అనుకొని మందుల దుకాణంల గోలీలు తెచ్చుకుంటం. అవి చానాసార్లు పనిజెయ్యవు. సరైన మందు నెలలకొద్ది వాడాలె. ఆలస్యమైతే కీళ్లు, ఎముకల దాక పోవచ్చు. డాక్టరు అడగకున్నా “మా ఇంట్ల చాపల తొట్టి ఉంది” అని మీరే చెప్పున్రి. ఆ ఒక్క మాటే రోగం దొరకవట్టనీకి దారి.

గాయముంటే తొట్టి ముట్టకున్రి. గ్లౌజులు తొడుక్కోన్రి. పైపును నోటితోని గుంజకున్రి. పని అయినంక సబ్బుతోని చేతులు కడుక్కోన్రి. చాపలను పారెయ్యాల్సిన పనిలేదు, పైలంగుంటే సాలు.