ఓడజాబితాలో ఒక పేరు

మలక్‌పేట నుండి దిల్‌సుఖ్‌నగర్‌కు పోయే దారిలో మూసారాంబాగ్ అనే పేట ఉన్నది. మూసా అనే ముసల్మానునికీ, రాముడనే హిందువుకూ ముడివేసి ఎవరో పెట్టిన పేరు కాబోలునని కొత్తవారు అనుకొంటారు. నా విద్యార్థులలోనూ ఏటా ఒకరిద్దరు ఇట్లే చెప్పుతారు. నిజానికి అది ఒక ఫ్రెంచివాని పేరు. నిజాం అలీఖాన్ కొలువులో సేనాపతిగా ఉండి 1798లో మరణించిన మొస్యూ రేమాన్‌ను హైదరాబాదు ముసల్మానులు మూసా రహీం అనీ, హిందువులు మూసా రాం అనీ పిలుచుకొన్నారట. అస్మాన్‌గఢ్ గుట్టపై ఆయన సమాధి ఈనాటికీ ఉన్నది. తల్లిదండ్రులు పెట్టిన పేరు మన నోట నలిగి వేరే పేరైనది. ఐనను వెనుకకు మళ్లించి వినగలవానికి అందులో అసలు మనిషి దొరుకుతాడు.

ఈ సంగతిని ఏండ్ల తరబడి తరగతిలో వినోదంగా చెప్పుతూ వచ్చినాను. దాని బరువు నాకు తెలిసినది మాత్రం ఒక అతిథి మా యింటికి వచ్చిననాడు.

ఆమె దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరవాసి. అక్కడి బడిలో ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించిన పెద్దమనిషి. తెలుగు చెప్పేవారెవరైనా ఉంటే చూడవలెనని కోరగా, నా పూర్వవిద్యార్థి ఒకడు ఆమెను మలక్‌పేటకు తోడుకొని వచ్చినాడు. ఆమెకు వచ్చిన తెలుగు నాలుగు మాటలు: అమ్మమ్మ, తాత, నమస్కారం, రామభజన. తక్కినదంతా ఇంగ్లీషు. కాఫీ త్రాగిన పిమ్మట సంచిలో నుండి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టినారు. "ఇందులో మా అమ్మమ్మకు తల్లి ఉన్నది. ఆమె ఎవరో చదివి చెప్పండి" అన్నారు.

అది పాత ఓడజాబితాలోని ఒకే ఒక వరుసకు నకలు. మొదట ఒక సంఖ్య, ఆపై ఇంగ్లీషు అక్షరాలలో 'పైడామా' అని ఒక పేరు, తండ్రి పేరు 'అప్పాడూ', వయస్సు 20, స్త్రీ, జిల్లా విజాగపటం, గ్రామం 'కోటవల్సా', ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు, ఎడమ మోచేతిపై మచ్చ. ఒక మనిషి జీవితం గురించి ఆ ప్రభుత్వం వ్రాసి పెట్టుకొన్నది అంతే.

ఆ వరుస ఎట్లు పుట్టినదో విద్యార్థులకు కొంత చెప్పవలసి ఉన్నది. బ్రిటిషు పార్లమెంటు 1833లో బానిసత్వాన్ని రద్దుచేస్తూ చట్టం చేసినది. చెరకుతోటల యజమానులకు పనివారు కరువైనారు. అప్పుడు వారి చూపు మన దేశంపై పడినది. 1834లో మారిషస్‌కు, 1860లో నాటాల్‌కు, 1879లో ఫిజీకి ఒడంబడిక కూలీల ఓడలు పోవటం మొదలైనది. 1860 అక్టోబరులో మద్రాసు విడిచిన 'ట్రూరో' అనే ఓడ నవంబరు 16న డర్బన్ రేవు చేరినది. అది మొదలు 1911 వరకు నాటాల్‌కు పోయినవారు 1,52,184 మంది. వారిలో మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుండి పోయినవారే; తమిళులతోపాటు తెలుగువారూ ఆ ఓడలెక్కినారు. ఒడంబడిక ఐదేండ్లకు. నాటాల్‌లో జీతం మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఆపై ఏటా ఒక్కొక్క షిల్లింగు పెంపు. గడువు తీరిన వెనుక అక్కడనే నిలిచిపోదామనుకొన్నవారిపై 1895 నాటి చట్టం తలకు ఏటా 3 పౌన్లు పన్ను వేసినది. గాంధీజీ నడిపిన సత్యాగ్రహం తరువాత 1914లో గాని ఆ పన్ను పోలేదు.

ఎందుకు పోయినారు? జనులు ధాత కరువని పిలిచిన 1876-78 నాటి మహాక్షామం వంటివి, అప్పులు, చేనికి నీరు లేకపోవటం, దళారి చెప్పిన తీపి మాటలు. స్త్రీలకు మరికొన్ని కారణాలుండెను: వైధవ్యం, అత్తింటి బాధ, దిక్కులేనితనం. నూరుగురు పురుషులకు 40 మంది స్త్రీలైన ఉండవలెనని నియమం ఉండుటచేత, ఒంటరి స్త్రీ ఎక్కడ దొరుకునా అని దళారులు వెదకేవారు. మన పైడమ్మ ఇందులో ఏ కారణంచేత ఓడ ఎక్కినదో కాగితం చెప్పదు.

అవును, ఆ పేరు పైడమ్మయే. ఇంగ్లీషు గుమాస్తా చెవికి 'అమ్మ' వినిపించలేదు. ఆమెకా, తన పేరును ఎట్లు వ్రాసినారో చూచుకొనే చదువు లేదు. పేరు సరిగా విన్న మరుక్షణం నా అతిథి వెదకే ఊరికి ఒక దారి తెరచుకొన్నది. మన పల్లెజనం పేర్లు దేవతల చిరునామాలు. మన తెలంగాణంలో కొమురయ్య అనగానే కొమురవెల్లి, రాజయ్య అనగానే వేములవాడ, యాదగిరి అనగానే గుట్ట గుర్తుకు వస్తాయి గదా! అట్లే మునెమ్మ అంటే చిత్తూరు వైపు, మస్తానయ్య అంటే నెల్లూరు, గుంటూరు సీమలు. పైడమ్మ అంటే విజయనగరపు పైడితల్లి. తండ్రి అప్పాడూ మన అప్పడు; సింహాచలం అప్పన్న పేరు పెట్టుకొన్నవాడు. ఇవి రుజువులు కావు, సూచనలు మాత్రమే. కాని జిల్లా గడిలో ఉన్న విజాగపటం, అనగా విశాఖపట్టణం, ఈ సూచనలకు సాక్ష్యం చెప్పుతున్నది.

జిల్లా పేరును చదవటంలోనూ ఒక జాగ్రత్త అవసరం. ఆనాటి విశాఖపట్టణం జిల్లా ఈనాటిది కాదు. దాని నుండి 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినది; 1979లో ఆ రెండింటి భాగాలతో విజయనగరం జిల్లా వచ్చినది; 2022లో మళ్లీ పునర్విభజన జరిగి అనకాపల్లి, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వెలసినవి. ఇక ఇంగ్లీషువారు చికాకోల్ అని వ్రాసిన శ్రీకాకుళం 1936కు పూర్వం గంజాం జిల్లాలో ఉండెను. గంజాం ఒరిస్సాకు పోయినది గనుక, జాబితాలో గంజాం అని కనిపించిన పూర్వీకుడు ఒరియావాడేనని తొందరపడరాదు.

గ్రామం దగ్గరికి వచ్చేసరికి నా తెలివి ఆగిపోయినది. 'కోటవల్సా' కొత్తవలస అని తెలియటానికి పాండిత్యం అక్కరలేదు. కాని ఏ కొత్తవలస? ఆ సీమలో 'వలస' అంటే కొత్తగా వచ్చినవారు కట్టుకొన్న పల్లె. ఆ పేరుగల ఊళ్లు ఒకటి కాదు, అనేకం. జాబితాలో తాలూకా గడి ఖాళీగా ఉన్నది. ఇంటిపేరు తెలిస్తే ఏ ఊరో తేలిపోయేది. కాని గుమాస్తా ఇంటిపేరు అడగలేదు. అతని పట్టికలో దానికి గడి లేదు. వ్యక్తి పేరు, తండ్రి పేరు, అంతే. మనలను తరతరాలకు కట్టివుంచే త్రాడు ఆ మొదటి కాగితంలోనే తెగిపోయినది. సముద్రం దాటిన పిదప అక్కడి పద్ధతి ఇంటింటికీ ఒక స్థిరమైన పేరును కోరినది. మారిషస్‌లో తాతయైన అప్పడు 'అప్పాడూ'యై మనుమలకు ఇంటిపేరైనాడు. నాటాల్‌లో నాయుడు 'నైడూ' ఐనాడు.

నా అతిథి కుటుంబం పేరూ నైడూయే. ఇందువల్ల ఆమె నన్ను అడిగిన రెండవ ప్రశ్న నన్ను ఇబ్బందిలో పెట్టినది. జాబితాలో కులానికి ఒక గడి ఉన్నది. అందులోని మాట నాయుడు కాదు. "ఈ మాటకు అర్థమేమి?" అని ఆమె ఆ గడిపై వేలుపెట్టినారు. ఆ మాటను మన పల్లెలలో ఏ గొంతుతో పలికేవారో నాకు తెలుసు. తెలియదని తప్పించుకొనవచ్చును, ఆమె నమ్మేవారు. కాని పాత కాగితంలో ఉన్నదానిని ఉన్నట్లు చెప్పలేనివాడు చదవటానికి కూర్చుండరాదు. చెప్పినాను. దాని అర్థమూ, దానిని మోసినవారు ఈ దేశంలో పడిన పాట్లూ చెప్పినాను. ఆమె కొంతసేపు మాటాడలేదు.

"మా యింట ఈ మాట ఎవరికీ తెలియదు. బహుశా ఎవరికీ తెలియకూడదనే ఆమె ఓడ ఎక్కినదేమో. ఆమె చెరకు నరికి నలుగురు పిల్లలను పెంచినది. అది మాత్రం మాకు తెలుసు" అన్నారు చివరకు. నేను ఆ కులం పేరును ఇక్కడ వ్రాయటం లేదు. వ్రాస్తే చదువరి దృష్టి పైడమ్మను వదలి దానిపైకి పోతుంది.

లేచిపోయే ముందు, సిగ్గుపడుతూ ఇంకొక మాట అడిగినారు. చిన్ననాడు అమ్మమ్మ ఆమెను 'గుంటా' అని పిలిచేదట. అది తిట్టేమోనని డెబ్బది ఏండ్లు వచ్చినా ఎవరినీ అడగలేదట. "తిట్టు కాదమ్మా! విజయనగరం, శ్రీకాకుళం వైపు ఆడపిల్లను ఇంటివారు పిలుచుకొనే మాట" అన్నాను. ఆమె కండ్లు చెమర్చినవి. ఆ మాట ఏ జాబితాలోనూ లేదు. తల్లి కూతురితో, కూతురు మనుమరాలితో అనగా అనగా నిలిచినది. ఊరు ఏ వైపుదో తేల్చటంలో దొరతనంవారి గడులన్నింటికంటె ఆ ఒక్క మాట బలమైన సాక్ష్యమని నేను నమ్ముతున్నాను. ఆమె కోరగా ఆ నకలు వెనుక 'పైడమ్మ' అని తెలుగులో వ్రాసి ఇచ్చినాను. ఆ అక్షరాలపై వేలితో ఒకసారి దిద్దినట్లు త్రిప్పి, కాగితం మడిచి సంచిలో పెట్టుకొన్నారు.

ఆమె పోయిన రాత్రి మా కుర్సీనామాను బయటికి తీసినాను. మా ముత్తాతకు ఒక తమ్ముడు. ఆయన పేరు ఎదుట 'బొంబాయి' అని ఒక్క మాట ఉన్నది. ఆ క్రింద కొమ్మ లేదు. నైజాము ఇలాకా నుండి పోయిన మన కూలీలను కామాటీలన్నారు. వారి పేరున బొంబాయిలో కామాటిపుర అనే పేటయే ఉన్నది. అంతటి పేట వెలసినా, పోయిన మనిషికి మేము ఒక్క మాటకు మించి కేటాయించలేదు. ఇక ఆడపిల్లల పేర్లు అందులో అసలే లేవు. పైడమ్మ మా యింట పుట్టి ఉంటే, ఆమె ఉనికికి గుర్తుగా మిగిలేది పరాయివారు వ్రాసిన ఆ ఓడజాబితా ఒక్కటే. గుమాస్తా ఆమెను సరకు లెక్కలో వ్రాసినాడు. మనమైతే అదీ వ్రాయలేదు.

సముద్రానికి ఆవలివారు తమ వంతు పని చేస్తున్నారు. నాటాల్ ఓడజాబితాలను డర్బన్‌లోని గాంధీ-లుతూలి పత్రాల కేంద్రం కంప్యూటరులో చూచుకొనే వీలు కల్పించినది. మారిషస్‌లో మోకా అనే ఊర 1970లో వెలసిన మహాత్మాగాంధీ సంస్థలో వలసవచ్చినవారి దస్తరాలు, ఎందరివో ఛాయాచిత్రాలతో సహా భద్రంగా ఉన్నవి. ఫిజీవారి ఓడపత్రాలు సువాలోని జాతీయ పత్రాగారంలో ఉన్నవి. ఈవలి ఒడ్డున చెన్నపట్టణపు ఎగ్మూరులో తమిళనాడు పత్రాగారం పాత మద్రాసు ప్రభుత్వపు దస్తరాలను కాపాడుతున్నది. కాగితాలు ఉన్నవి. వాటిని తెలుగు చెవితో వినేవారు కావలెను. ఏ ఊర ఏ ఇంటిపేర్లు ఉన్నవో వ్రాసి ఉంచేవారు కావలెను.

ఈ పనికి మన బడులకంటె తగిన చోటు లేదు. ఉపాధ్యాయ మిత్రులు వేసవి సెలవులకు ముందు ప్రతి విద్యార్థికి ఒక చిన్న పని ఒప్పగించవలెనని నా మనవి. ఇంటిలోని ముసలివారిని కూర్చుండబెట్టి అడగండి: మన ఇంటిపేరేది, పూర్వపు ఊరేది, ఆనాడది ఏ తాలూకా, ఇలవేలుపెవరు, ఊరు విడిచిపోయినవారెవరు? ఆడపడుచుల పేర్లు తప్పక వ్రాయండి. పెద్దలు పలికినట్లే, తెలుగు అక్షరాలలోనే వ్రాయండి. తేదీ వేసి దాచండి.

ఇది గతించినవారి కోసం మాత్రమే కాదు. జగిత్యాల, నిజామాబాదు పల్లెల నుండి గల్ఫు దేశాలకు పోయినవారు, పోతున్నవారు మన తరగతులలోని పిల్లల తండ్రులే, అన్నలే. ఆనాటి కూలీల ఓడలపై తనిఖీ చేసిన అధికారిని వలసదారుల సంరక్షకుడనేవారు; 1983 నాటి చట్టంలోనూ ఆ పదవి ఆ పేరుతోనే నిలిచినది. తండ్రి ఒప్పందపు కాగితం, పాసుపోర్టు నకలు, వ్రాసిన ఉత్తరం, పనిచేసిన ఊరి పేరు ఒక సంచిలో వేసి దాచమని పిల్లలకు చెప్పండి. నూరేండ్లకు ఎవరో ఒక మనుమరాలు ఎక్కడి నుండియో వచ్చి, మన గడపలో నిలిచి, ఒక పేరు చూపి అడుగుతుంది. ఆనాటికి జవాబు మన యింట ఉండవలెను.