రాచ్‌డేలు అంగడి

ఇంగ్లండునందలి రాచ్‌డేలు పట్టణమున 1844 డిసెంబరు 21వ తేదీని, నేతగాండ్రు మొదలగు బీద పనివారు కొందఱు 28 పౌనుల మూలధనముతో సహకారపు టంగడి తెఱచిరి. వెన్న, చక్కెర, పిండి, క్రొవ్వొత్తులు మొదలగు నాలుగైదు సరకులే యుండుటచే వీధిపిల్లలు గేలిచేసిరని చెప్పుదురు. వారు అధైర్యపడక, కల్తీలేని సరకును సరియైన తూకముతో విక్రయించి, లాభమును కొనుగోళ్ల ననుసరించి పంచుకొనిరి. అంగడి పెరిగిన పిమ్మట, లాభమున నూటికి రెండున్నర వంతును చదువునకై తీసి గ్రంథాలయమును నడిపిరి. బీదలకీ వ్యయమేల యని మనలో కొందఱందురు. ఆశ అంగడి తెఱపించును గాని, లెక్క తెలియనిచో అప్పుబేరము దానిని మూయించును. మన మహాజనసభలలో జమాఖర్చుల పట్టీని చదివించి వినువా రెందఱు? అక్షరములు రానివారు బడికిపోవు కుమారునిచేతనైనను చదివించుకొని, సందేహమున్న పద్దును కార్యదర్శి నడుగవచ్చును. రాబోవు సభకు పాసుపుస్తకమును వెంట తెండు.